గంజి పెట్టిన గడి

మా మనవరాలి బొంతలో మొత్తం పన్నెండు గళ్ళు. పదకొండు మా మేనత్త కుట్టింది, పన్నెండోది నేను కుట్టాను. ఏది ఎవరిదో ఎవరికీ చెప్పక్కర్లేదు. బొంతను మంచం మీద పరిచి గుమ్మంలోంచి చూసినా, కళ్ళజోడు తీసేసి చూసినా, ఆఖరికి కిందవీధిలో పోయే ఆటోలోంచి తల బయటపెట్టి చూసినా తెలిసిపోతుంది. పదకొండు గళ్ళు బళ్ళో ప్రార్థనకు నిలబడ్డ ఆడపిల్లల్లా తిన్నగా ఉంటాయి. పన్నెండోది ఆలస్యంగా వచ్చి ప్రహరీ గోడ దూకుతున్నట్టుంటుంది.

గడి అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. తొమ్మిది చదరపు గుడ్డముక్కల్ని మూడేసి చొప్పున మూడు వరసలుగా కలిపి కుడితే వచ్చే పెద్ద చదరం. అలాంటివి పన్నెండు అతికి, వాటి కింద మెత్తబడిన పాత చీర రెండు పొరలుగా పరిచి, అన్నిటినీ కలిపి దగ్గర దగ్గరగా కుట్టేస్తే పసిపిల్ల బొంత. లోకంలో ఇంతకంటే సులువైన పని లేదంటుంది అత్తయ్య. ఈత వచ్చినవాళ్ళు కృష్ణానది గురించి కూడా అలాగే చెబుతారు.

నేను సూది పట్టడానికి కారణం సిటీ బస్సు. దిగుతూ దిగుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాను. పలకరించడానికొచ్చిన మొదటి చుట్టానికి చెప్పినప్పుడు బస్సు ఆగే ఉంది. వారం తిరిగేసరికి కదిలింది. మూడోవారానికి అది రైలుతో పందెం వేసుకుని పోతోంది, నేను ఒక ముసలాయన్ని కాపాడే ప్రయత్నంలో ఉన్నాను. "ఆ ముసలాయన ఎవరండీ? మొన్నటిదాకా లేడుగా?" అని మా ఆవిడ కాఫీ ఇస్తూ అందరిముందూ అడిగేవరకూ ఆయన పెరుగుతూనే ఉన్నాడు. మొత్తానికి ఆరు వారాల పాటు కాలికి సిమెంటు కట్టు. హాల్లో దివాన్ మీద నేను, రెండు దిళ్ళ మీద నా కాలు.

అదే సమయానికి మా అమ్మాయి పురిటికి విజయవాడ వచ్చింది. దాని వెనకే ఉయ్యూరు నుంచి అత్తయ్య, ఆవిడ చేతిలో అప్పటికే ముప్పాతికపైన అయిన బొంత. పదకొండు గళ్ళూ అతికేసి, కింద చీర పొరలతో కలిపి కుట్టేసి ఉన్నాయి. ఒక మూల మాత్రం గడి లేక కింది చీర బయటికి కనిపిస్తోంది. పై వరసలో పన్ను ఊడిన నవ్వులా ఉంది బొంత.

ఆ ఖాళీ వారం రోజులైనా పూడలేదు. అత్తయ్య సంగతి తెలిసినవాడిగా నాకది వింతగానే తోచింది. ఆవిడకి పిల్లలు లేరు. మా వంశంలో పుట్టిన ప్రతి బిడ్డా, నాతో సహా, ముందు పడుకుంది ఆవిడ బొంత మీదే. ఎవరికైనా నెల తప్పిందన్న కబురు ఆసుపత్రి కంటే ముందు ఆవిడకే చేరేది. పెళ్ళిళ్ళలో మా అత్తయ్యకి ముందు వరస కుర్చీ వేసేది వయసుకి కాదు, బొంతకి.

ఒకరోజు ఉదయం మా ఆవిడ ఆఫీసుకు వెళ్ళింది, అమ్మాయి లోపల ఏసీ గదిలో పడుకుంది. అత్తయ్య వచ్చి నా కాలు పక్కన కూర్చుంది.

"ఒరేయ్, నీకు రోజంతా ఏం పని?"

"కాలు నయం చేసుకోవడం."

"అది దాని మానాన అదే అతుక్కుంటుంది. నువ్వు పక్కనుండి చేసేదేముంది?"

ఇలా అని కుడిచెయ్యి నా మొహం ముందు చాపింది. చెయ్యి ఆగలేదు. గాలి ఆడని చోట కూడా కొబ్బరాకు కదిలినట్టు కదులుతూనే ఉంది. ఆవిడ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కాఫీ తాగడం వారం నుంచీ చూస్తున్నాను. చలికని అనుకున్నాను. విజయవాడలో చలి అనుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

"ఎప్పట్నుంచి?"

"పదకొండో గడి కాణ్ణుంచి. పది గళ్ళు నెలలో కుట్టా. పదకొండో దానికి ఇంకో నెల పట్టింది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. వయసన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఆయనెందుకురా, నా ఆధార్ కార్డు చెప్పదూ?"

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "బారసాలకి పామర్రు అక్క వస్తుంది. బొంత తిరగేసి చూస్తుంది. నా చెయ్యి పోయిందని దానికి తెలియకూడదు. ఎవరికీ తెలియకూడదు. ఆ గడి నువ్వు కుట్టు. నేను కుట్టానని చెప్తా."

పామర్రు అక్క అంటే అత్తయ్యకి పెద్ద తోడికోడలు. ఆవిడా బొంతలు కుట్టిన మనిషే. ఇద్దరికీ నలభై యాభై ఏళ్ళుగా పోటీ. పామర్రావిడ ఏ బారసాలకి వెళ్ళినా బిడ్డ మొహం తర్వాత చూస్తుంది, ముందు బొంత తిరగేసి వెనక కుట్టు చూస్తుంది. అది బాగుంటేనే అక్షింతలు.

"మా ఆవిడకి చెప్పొచ్చుగా? ఆవిడ నాకంటే నయం."

"నీ పెళ్ళానికి చెబితే అది మెట్లు దిగేలోపు ఉయ్యూరు బస్టాండులో తెలుస్తుంది."

"నేను మగాణ్ణి కదత్తయ్యా, నాకు సూదేమిటి?"

"ఊళ్ళో దర్జీలంతా ఎవరు? వాళ్ళకి లేని సిగ్గు నీకెక్కణ్ణుంచొచ్చింది?"

వాదన అక్కడితో ముగిసింది.

మర్నాడు పాఠం మొదలైంది. అత్తయ్య సంచిలోంచి రెండు గుడ్డలు తీసింది. ఒకటి మా అమ్మ కట్టిన వంగపండు రంగు నేత చీర, రెండోది మా నాన్నగారి పంచె. ఇద్దరూ కాలం చేసి చాలా ఏళ్ళయింది. బొంతలో కొత్తగుడ్డ పెట్టకూడదు, పెద్దకాలం బతికినవాళ్ళు కట్టి ఉతికి మెత్తబడిందే పెట్టాలన్నది ఆవిడ నియమం. చీరలోంచి ఐదు ముక్కలు, పంచెలోంచి నాలుగు. ఒకటి మార్చి ఒకటి పెడితే నాలుగు మూలలా, నడిమధ్యా వంగపండు రంగు, మిగతా నాలుగూ తెలుపు. మా అమ్మానాన్నా బతికుండగా ఎన్నడూ అంత దగ్గరగా కూర్చోలేదు.

కొలతకి గట్టి అట్టముక్క కావాలని అలమారలో వెతికి ఒక శుభలేఖ తెచ్చింది. చూస్తే అది నా పెళ్ళిదే. ముప్ఫయ్యేళ్ళకి దానివల్ల ఒక ప్రయోజనం కనబడిందని మా ఆవిడతో చెప్పాలనిపించింది కానీ, రహస్యం కాబట్టి మింగేశాను. శుభలేఖను జానెడులో సగం చదరంగా కత్తిరించింది. వధువు పేరు తెగిపోయింది, ముహూర్తం మిగిలింది.

"అట్ట చుట్టూ పెన్సిల్తో గీత గియ్యి. గీత మీద కొయ్యకు. గీతకి అవతల చిటికెనవేలి వెడల్పు వదిలి కొయ్యి. కుట్టు మాత్రం గీత మీద పడాలి. విన్నావా?"

విన్నాను. విని గీత మీదే కోశాను. ఎక్కడైనా గీత ఉంటే దాని మీద నడవమని యాభై ఏళ్ళుగా చెప్పిన దేశం ఇది. అంచు వదలకుండా కోసిన ముక్కలు కుట్టాక చిన్నవైపోయి, పక్కవాటితో కలవవు. మూడు ముక్కలు అలా వీరమరణం పొందాక, "మీ అమ్మ చీర అయిపోయేలా ఉంది, ఆవిడ మళ్ళీ రాదు కొనిపెట్టడానికి" అంది అత్తయ్య. అప్పుడు వచ్చింది చిటికెనవేలి వెడల్పు.

తరువాత సూదిలో దారం. విజయవాడ స్టేషన్లోకి రైళ్ళు వచ్చి, నీళ్ళు పట్టుకుని, ప్రయాణికులు దిగి ఇడ్లీలు తిని మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాయి, నా దారం మాత్రం ప్లాట్‌ఫారం చేరలేదు. పదోసారి తడిపి మెలిపెట్టి గురి చూస్తుంటే, "చూపు సూది మీద కాదురా, కన్నం అవతలి వెలుతురు మీద పెట్టు" అంది. పెట్టగానే దారం తనంతట తానే దూరిపోయింది. ఇది నేను జీవితంలో నేర్చుకున్న మూడో పనికొచ్చే విషయం. మొదటి రెండూ గుర్తులేవు.

కుట్టే పద్ధతి ఇది. రెండు ముక్కల్ని ముఖాలు కలిపి, గీత మీద గీత పడేలా గుండుసూదితో పట్టి, బియ్యపుగింజంత కుట్లు పైకీ కిందికీ వేసుకుంటూ పోవాలి. మూడు కలిస్తే వరస. వెనక వచ్చే మడతల్ని మొదటి వరసలో కుడివైపుకి, రెండో వరసలో ఎడమకి, మూడోదాన్లో మళ్ళీ కుడివైపుకి గోటితో గీరి పడుకోబెట్టాలి. అలా చేయకపోతే వరసలు కలిపినచోట మడత మీద మడత పడి, బిడ్డ వీపు కింద గులకరాయి పెట్టినట్టవుతుంది. ముందు పాడైన ఆ మూడు ముక్కల మీద సాధన చేస్తే, నా బియ్యపుగింజలు కందిపప్పంత వచ్చాయి. ఒకటి రెండు చోట్ల పనసగింజలు కూడా ఉన్నాయి.

ఒకసారి మా అమ్మాయి పొట్ట పట్టుకుని గదిలోంచి హఠాత్తుగా వచ్చింది. అత్తయ్య రెప్పపాటులో నా చేతిలోది లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏంటి నాన్నా చేస్తున్నావ్?"

"మీ నాన్న నాకు దారం ఎక్కించిపెడుతున్నాడే, నేను కుడుతున్నా."

"మరి సూదేది అమ్మమ్మా?"

సూది నా బొటనవేల్లో ఉంది. నేను నవ్వుతూనే ఉన్నాను. అది మంచినీళ్ళు తాగి లోపలికెళ్ళేదాకా ఆ నవ్వు దించలేదు.

ఆరోజు తర్వాత అత్తయ్య కుర్చీ బాల్కనీ వైపు తిప్పుకుంది. "నువ్వు కుట్టడం చూస్తుంటే నా చెయ్యి ఇంకా వణుకుతోంది. అయ్యాక చూపించు చాలు" అంది. ఆవిడ అటు తిరగడమే నా కొంప ముంచింది.

ఎందుకంటే అప్పటికి తెల్లముక్కలు కోయలేదు. నాన్నగారి పంచె ఉతికి ఉతికి మీగడలా అయిపోయింది. అట్ట పెడితే జారుతుంది, గీత గీస్తే వంకరపోతుంది, కత్తెర పెడితే మూలకి చేరుతుంది. అలా నీరసంగా పడి ఉన్న ఆ పంచెను చూస్తే నాకు మనసొప్పలేదు కూడా. మా ఇంట్లో గంజి లేని తెల్లపంచె అంటే ఒంటిమీద బట్ట లేనట్టే. మా నాన్నగారి పంచె ఆరేసిన తీగ మీదనుంచి తీస్తే నేలమీద దానంతటది నిలబడేది. ఆయన కూర్చుంటే ముందు మనిషి కూర్చునేవాడు, కాస్సేపటికి పంచె కూర్చునేది. అందుకని అపార్టుమెంటు కింద ఇస్త్రీ చేసే ఆయన్ని ఫోన్ చేసి పిలిచి, గుడ్డ చేతికిచ్చాను.

"గంజి ఎంత పెట్టమంటారండీ?"

"మామూలే."

మా వైపు మామూలు అంటే ఆయనకి తెలుసు. సాయంత్రానికి నాన్నగారు అప్పడంలా తిరిగొచ్చారు. అబ్బ, అప్పుడు చూడాలి! గీత గీతలా పడింది, కత్తెర కత్తెరలా నడిచింది. నాలుగు ముక్కలూ పేకముక్కల్లా వచ్చాయి. కుట్టేటప్పుడు సూది కాస్త మొరాయించింది కానీ, నాన్నగారి దగ్గర ఎవరైనా కాస్త మొరాయించేవారే. నాలుగు రోజుల్లో గడి పూర్తయింది. నిలువుగా పెడితే నిలబడింది. అత్తయ్య పదకొండు గళ్ళలో ఒక్కటైనా నిలబడగలదా?

గర్వంగా చేతికిచ్చాను. అత్తయ్య వేళ్ళతో ఒకసారి తడిమింది. గోటితో కొట్టింది. టకటకమంది.

"ఒరేయ్, ఇది బిడ్డ కిందకా, గుమ్మానికి వేలాడేసే బోర్డుకా?"

"గంజి పెట్టించానత్తయ్యా, కోయడానికి బాగుంటుందని."

ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో బాల్కనీ వెలుతురులో తెలియలేదు. "ప్రపంచంలో ఎవరైనా బొంతకి గంజి పెడతారురా? పసిదాని ఒళ్ళు గీరుకుపోతుంది. ఆ వాసనకి ఎలకలు బంతిభోజనానికొస్తాయి" అని, బకెట్లో నీళ్ళు పట్టి గడిని ముంచింది.

గంజి దిగిపోయింది. దాంతోపాటు నా గీతలూ దిగిపోయాయి. గంజితో బిగుసుకున్నప్పుడు కొలిచి కోసిన పంచె ముక్కలు నీళ్ళు తగలగానే ఒళ్ళు విరుచుకుని సాగాయి. చీర ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆరాక చూస్తే తెల్లముక్కలు నాలుగూ పొంగి, వంగపండు ముక్కల్ని పక్కకి నెట్టి, గడి మొత్తం ఒకవైపుకి ఒరిగి ఉంది. బతికున్న రోజుల్లోనూ మా ఇంట్లో చోటు పంపకం అలాగే ఉండేది.

విప్పి మళ్ళీ కుట్టాలి. అత్తయ్య తనే విప్పుతానంది. సూదిమొన కుట్టు కిందికి దూర్చబోయింది. మొన కుట్టుకి తప్ప అన్నిటికీ తగిలింది. రెండోసారి వేలికి దిగింది. రక్తపుబొట్టు తెల్లముక్క మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని, సూది తీసి దిండుకి గుచ్చేసింది. అదే మధ్యాహ్నం మా అమ్మాయికి నొప్పులొచ్చాయి.

ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి వెళ్ళారు. కాలు విరిగినవాడినీ, చేతకాని ముసలమ్మనీ బరువని ఇంట్లో దింపేశారు. ఆ రాత్రికి ఆడపిల్ల పుట్టిందని ఫోనొచ్చింది. తెల్లారాక, "విప్పడం వద్దు, ఇంక నీ వేళ్ళూ ఓపిక పట్టేలా లేవు. ఎలా ఉందో అలాగే అతికెయ్" అంది అత్తయ్య. ఆసుపత్రి నుంచి వాళ్ళు తిరిగొచ్చేలోపు, మూడు రోజుల్లో ఆ వంకరగడిని బొంత మూలకి చేర్చి, నాలుగువైపులా కుట్టేశాను. పొంగిన చోట అత్తయ్య అరచేత్తో గట్టిగా నొక్కింది. చెయ్యి తీయగానే అది మళ్ళీ లేచింది.

ఇరవై ఒకటో రోజున బారసాల. నా కట్టు విప్పేశారు, చేతికర్ర వచ్చింది. హాలంతా జనం. పామర్రావిడ సరిగ్గా మేమనుకున్నట్టే వచ్చి, మేమనుకున్నట్టే బిడ్డని తప్పించుకుని ఉయ్యాల దగ్గర కూర్చుని బొంత ఒళ్ళోకి లాక్కుంది. తిరగేసింది. వేళ్ళు ఒక్కో గడి మీదా పోతున్నాయి. పదకొండు దాటాయి. పన్నెండో దాని దగ్గర ఆగాయి. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చాయి.

"ఏమే, ఇదెవరి చెయ్యి?"

అత్తయ్య కుడిచెయ్యి చీర కొంగులోకి దాచుకుంది. నేను కర్ర పోటేసుకుని ముందుకొచ్చాను.

"అది దిష్టి గడండీ. పిల్లకి బుగ్గన చుక్క పెడతామా, అలాగే బొంతకి ఒక గడి కావాలని వంకర పెడతారు. మా వంశంలో ఏడు తరాల నుంచీ ఉంది. వంకర కుట్టడం తిన్నగా కుట్టడం కంటే కష్టం. అత్తయ్యకి దీనికే నాలుగు రోజులు పట్టింది."

మా ఆవిడ వైపు చుట్టం ఒకావిడ, "అవునండీ, మావైపూ ఉంది ఈ ఆచారం" అని తలూపింది. అప్పుడే పుట్టిన ఆచారానికి అప్పుడే సాక్షి దొరికింది. నేను ఇంకో రెండు తరాలు కలపబోతున్నాను.

పామర్రావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "అలాగా! అయితే బాగానే ఉంది. నా మనవరాలూ కడుపుతో ఉంది, నాలుగో నెల. దానికీ ఒకటి కుట్టవే. దిష్టి గడి కూడా పెట్టు. గుడ్డలు నేను పంపిస్తా."

నా అబద్ధం కుట్టినంత గట్టిగా నా గడి కుట్టలేదని అప్పుడర్థమైంది. ఇప్పుడు ఒక్క గడి కాదు, పన్నెండు. అత్తయ్య అలాగేనంటే ఆరు నెలలు దాక్కోవాలి, కాదంటే ఎందుకో చెప్పాలి. ఆవిడ నా వైపు చూసింది. కళ్ళతోనే ఇంకో అబద్ధం ఉందా అనడిగింది. లేదు.

అత్తయ్య చీర కొంగులోంచి కుడిచెయ్యి తీసి పామర్రావిడ ఒళ్ళో, బొంత మీద పెట్టింది. అది అక్కడ వణుకుతూ ఉంది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదక్కా. నా చెయ్యి ఇంక ఆగదు. ఆ గడి వీడు కుట్టాడు."

మా ఆవిడ, "నాకు ముందే తెలుసు పిన్నిగారూ. దివాన్ మీద కూర్చున్నప్పుడల్లా సూది గుచ్చుకుంటే తెలీదా?" అంది.

పామర్రావిడ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. వణుకు ఆగలేదు కానీ, పై చెయ్యి కూడా దాంతోపాటు కదలడం మొదలెట్టింది.

"నాకు చూపానక రెండేళ్ళయిందే. కుట్టు ఎక్కడ చూశాను? వేళ్ళతో తడిమానంతే. నీ కుట్టు వేలికి తగలదు, వీడిది మెట్లెక్కినట్టుంది" అని నా వైపుకి, అంటే ఇంచుమించు నా వైపుకి, తిరిగింది. "ఏమయ్యా, నా మనవరాలి బొంత కూడా నువ్వే కుట్టు. ఇది పక్కన కూర్చుని చెబుతుంది. ఇంతే లావుగా కుట్టు, నాకు తెలియాలి కదా ఎక్కడుందో."

తర్వాత బిడ్డని బొంత మీద పడుకోబెట్టారు. అది పదకొండు మంచి గళ్ళనూ వదిలి, సరిగ్గా నా దాని మీదే కార్యక్రమం ముగించింది. మంచి పంచె కదా, బాగా పీల్చుకుంది.

పది రోజులకి పామర్రు నుంచి బస్సులో సంచి వచ్చింది. ఈసారి దాచవలసిన పని లేదు కాబట్టి హాలు మధ్యలోనే విప్పాం. అత్తయ్య కుర్చీ బాల్కనీ వైపు కాకుండా నా వైపు తిప్పుకుని కూర్చుంది. పైన రెండు చీరలు, వాటి కింద ఒక పంచె. తీసి దులిపితే ఫెళఫెళమంది. పామర్రావిడ పెనిమిటిది. మా ఊళ్ళవాళ్ళే కదా, మడిచి పెట్టేముందు ఎవరో గంజి పెట్టారు.

అత్తయ్య శుభలేఖ ముక్క నా చేతిలోంచి తీసేసుకుంది.

"ముందు బకెట్ తీసుకురా" అంది.